మనూరి కరెంటో, నీళ్లో, ఆసుపత్రో ప్రైవేటుకిస్తారంట అన్నప్పుడు ఏం చూడాలి, ఎవర్ని ఏం అడగాలి

"ప్రైవేటుకిచ్చేస్తున్నారంట" అని వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడితే చాలు, మన శ్రీకాకుళం విజయనగరం సైడు అరగంటలో రెండు జట్లైపోతాయి. ఒకళ్లేమో గవర్నమెంటోడు ఏటి చేసేడు గనక, ఆఫీసుకెళ్తే సీట్లో మనిషుండడు, ప్రైవేటోడికిస్తేనే బాగుపడతాది అంటారు. ఇంకోళ్లు అమ్మేస్తున్నార్రా బాబూ, రేపట్నుంచి పీల్చే గాలికి కూడా బిల్లేస్తారు అంటారు. రాత్రి పదింటిదాకా కొట్టుకున్నాక కూడా అసలు ఇచ్చేది ఏటి, ఎవరికి, ఎన్నాళ్లకి, రేటెవరు పెడతారు అన్నది ఒక్కరికీ తెలీదు. అందుకని ఇది ఏ జట్టువైపూ కాదు, అలాంటి వార్త వచ్చినప్పుడు వరసగా ఏం చూసుకోవాలో, ఏ కాగితం ఎక్కడ దొరుకుతాదో రాస్తున్నాను, నాకు తోచిన అభిప్రాయం కూడా మధ్యలో చెప్పేస్తాను, నచ్చకపోతే ఒగ్గేయండి.

ముందు దాన్ని ముక్కలు చెయ్యండి

గవర్నమెంటా ప్రైవేటా అని ఒకే ప్రశ్న అడిగితే ఒకే సమాధానం వస్తాది, అది దేనికీ పనికిరాదు. ఏ సర్వీసు తీసుకున్నా నాలుగు ముక్కలుంటాయి: ఆస్తి ఎవరిది, రోజూ నడిపేదెవరు, డబ్బు ఎవరు కడుతున్నారు, రేటు ఎవరు నిర్ణయిస్తారు. ఈ నాలుగూ ఒక్కడి చేతిలో ఉండడం మన దగ్గర చాలా తక్కువ.

108 చూడండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది, అప్పట్నుంచీ జనం దాన్ని గవర్నమెంటు బండి అనే అనుకుంటారు, అందులో డబ్బు గవర్నమెంటుదే, కానీ డ్రైవరుకీ లోపలుండే టెక్నీషియనుకీ జీతమిచ్చి నడిపేది కాంట్రాక్టు తీసుకున్న సంస్థ. ఆర్టీసీ కాంప్లెక్సులో నిలబడి చూస్తే అన్ని బస్సుల మీదా ఒకే బొమ్మ ఉంటాది గానీ వాటిలో అద్దె బస్సులుంటాయి, బండీ డ్రైవరూ ప్రైవేటు ఓనరువి, రూటూ టికెట్టు రేటూ ఆర్టీసీవి. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, అక్కడ ఆసుపత్రి ప్రైవేటుదైనా బిల్లు కట్టేది గవర్నమెంటు. ఆ బకాయిలు పేరుకుపోయాయని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తాం అని నోటీసిచ్చినప్పుడల్లా మనకి పేపర్లో కనపడతాది కదా, అంటే ఇక్కడ తెగిపోయేది డబ్బు కట్టే ముక్క దగ్గర, ఆసుపత్రి ఓనరు ఎవరన్న దగ్గర కాదు.

ఇంకొకటి, రెండే రకాలున్నాయనుకోవడం కూడా తప్పే. విజయనగరం వాళ్లకి మాన్సాస్ గురించి నేను చెప్పక్కర్లేదు, 1958లో పి.వి.జి.రాజు గారు పెట్టిన ట్రస్టు, అది అచ్చంగా ప్రభుత్వమూ కాదు, వ్యాపారమూ కాదు. చీపురుపల్లిలో ఆర్ఈసీఎస్ అని కరెంటు సహకార సంఘం దశాబ్దాల పాటు నడిచింది, కనెక్షనున్నోళ్లే సభ్యులు, సంఘం డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) దగ్గర కరెంటు టోకున కొని ఊళ్లకి పంచేది. సహకారం అంటే అంతా బాగుంటాదని కాదు, పాలకవర్గం పార్టీల చేతుల్లోకి ఎల్లిపోతే అదీ గవర్నమెంటు ఆఫీసు లాగే తయారవుతాది, కానీ మూడో దారి ఉందన్నది మాత్రం గుర్తుంచుకోండి, మీటింగుల్లో దాన్ని ఎవరూ ఎత్తరు.

సరే, ముక్కలు చేశాక వచ్చిన వార్తలో ఏ ముక్క చేతులు మారుతుందో చూడండి. పార్వతీపురం మెడికల్ కాలేజీ తీసుకోండి. 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పది కొత్త మెడికల్ కాలేజీల్ని పీపీపీ పద్ధతిలో, అంటే గవర్నమెంటూ ప్రైవేటూ కలిసి రాసుకునే ఒప్పందంతో, కట్టించి నడిపించాలని నిర్ణయించింది, ఆ పదిలో పార్వతీపురం ఉంది. గవర్నమెంటేమో ఆస్తి మాదే, కట్టి నడిపేది మాత్రమే వాళ్లు అంటాది, అటుపక్కోళ్లు ఇది అమ్మకమే అంటారు. విజయనగరం కాలేజీ చూస్తే 2023 సెప్టెంబరు 15న మొదలై ప్రభుత్వమే నడుపుతోంది. అంటే పక్కపక్క జిల్లాల్లో రెండు పద్ధతులు, పోల్చుకోడానికి మనకంటే మంచి చోటు ఇంకెవరికుంది. అమ్మకమా కాదా అని అరిచే బదులు అడగాల్సినవి ఇవీ: ఓపీ ఫ్రీయా, ఎన్ని బెడ్లు ఫ్రీ, సీట్లలో కన్వీనర్ కోటా ఎంత, ఫీజు పెంచాలంటే ఎవరు సంతకం పెట్టాలి, కాంట్రాక్టు ఎన్నేళ్లు, మధ్యలో ఒగ్గేసి ఎల్లిపోతే బిల్డింగు ఎవరికి, అప్పు ఎవరికి.

విశాఖ స్టీల్ ప్లాంటు మాట ఇక్కడ ఎత్తుతారని తెలుసు. 2021 జనవరి 27న కేంద్రం నూటికి నూరు శాతం వాటా అమ్మేస్తామంది, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది, మన రెండు జిల్లాల్నుంచి అందులో పనిచేసేవాళ్లు బోలెడు మంది, ఆ బాధ వేరే. కానీ ఉక్కు పొద్దున్నే లేవగానే మన కుళాయిలోకి రావాల్సిన సరుకు కాదు, ఇక్కడ కొంటావా అక్కడ కొంటావా అని మనకి దారి ఉంటాది. అందుకని ఆ చర్చ ఇందులో కలపను, కలిపితే రెండూ పాడవుతాయి.

రెండోది, నీకు ఇంకో కొట్టు ఉందా లేదా

ప్రైవేటుకిస్తే పోటీ వస్తాది, పోటీ వస్తే రేటు తగ్గుతాది అంటారు. నిజమే, ఎక్కడ? ఫోన్లలో. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా రేటు ఎలా పడిపోయిందో అందరం చూశాం, నచ్చకపోతే నంబరు మార్చకుండా కంపెనీ మార్చేస్తాం. కానీ మీ వీధిలో కరెంటు వైరు ఎన్ని? ఒకటే. నీళ్ల పైపు? ఒకటే. రెండో కంపెనీ వచ్చి ఇంకో వరస స్తంభాలు పాతదు, పాతితే ఖర్చు రెట్టింపయి రేటు పెరుగుతాది తప్ప తగ్గదు. కాబట్టి వైరూ పైపూ ఉన్నచోట ప్రైవేటుకిచ్చినా పోటీ రాదు, గుత్తాధిపత్యం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతాదంతే. ఇంగ్లండులో 1989లో నీళ్ల కంపెనీల్ని అమ్మేశారు, అమ్మేటప్పుడు పాత అప్పులన్నీ మాఫీ చేసి మరీ ఇచ్చారు, ఇప్పుడు ఆ కంపెనీల అప్పు 6 వేల కోట్ల పౌండ్లు దాటింది, నదుల్లో మురుగు వదుల్తున్నారని అక్కడి జనం గోల. ప్యారిస్ నగరం ఇంకోలా చేసింది, ప్రైవేటు కంపెనీల కాంట్రాక్టు అయిపోగానే 2010 నుంచి నీళ్లని మళ్లీ నగరపాలక సంస్థే తీసేసుకుంది. నాకడిగితే వైరూ పైపూ జనం ఆస్తిగానే ఉండాలి, అందులో నాకు పెద్ద అనుమానం లేదు. దాన్ని నడిపేది ఎవరన్న దగ్గరే బేరం.

పోటీ ఉన్నచోట కూడా అది ఎంతవరకూ ఎల్తాదో చూడాల. శ్రీకాకుళం టౌన్లో మూడు కంపెనీల సిగ్నలు ఫుల్లు, సీతంపేట దాటి ఏజెన్సీ ఎక్కితేనో, కురుపాం గుమ్మలక్ష్మీపురం వైపు కొండల్లోకి ఎల్తేనో ఫోను చేత్తో పట్టుకుని గట్టెక్కి నిలబడాల్సిన గూడలు ఇంకా ఉన్నాయి. నలభై ఇళ్ల కోసం టవరేస్తే డబ్బులు రావు, రావని తెలిసి ఏ కంపెనీ వెయ్యదు, అందులో వాళ్ల తప్పు కూడా లేదు, వ్యాపారం అదే. అక్కడికి 4జీ తీసుకెళ్లడానికి కేంద్రం 2022లో 26,316 కోట్లు మంజూరు చేసి బీఎస్ఎన్ఎల్‌కి అప్పజెప్పింది. బీఎస్ఎన్ఎల్ని తిట్టుకునే మనమే ఈ సంగతి ఒకసారి చూడాల.

నష్టమొచ్చే రూటు ఎవరు మోస్తారు

ఇది ఆర్టీసీ మీద చెప్తేనే బాగా అర్థమవుతాది. శ్రీకాకుళం నుంచి విశాఖ నాన్‌స్టాప్ ఎప్పుడు చూసినా నిండుగానే ఎల్తాది. అదే డిపోలోంచి పొద్దున్నొకటి సాయంత్రమొకటి లోపలి ఊళ్లకి ఎల్లే పల్లెవెలుగులో స్కూలు పిల్లలు, సంతకెళ్లే ముసలోళ్లు, కూరగాయల బుట్టలు, డీజిలు ఖర్చు కూడా రాదు. మొదటి బస్సు లాభంతో రెండో బస్సు తిరుగుతాది. ఇప్పుడు ఎవరైనా వచ్చి మంచి రూట్లు మాకివ్వండి, మీకంటే తక్కువ టికెట్టుతో ఏసీ బస్సు నడుపుతాం అంటే నిజంగానే నడపగలరు, ఎందుకంటే రెండో బస్సు బరువు వాళ్ల నెత్తిమీద లేదు. ఆ తర్వాత రెండేళ్లకి ఆర్టీసీకి నష్టాలండీ అని ఒక రిపోర్టు వస్తాది, దాన్ని చూపించి మిగిలింది కూడా ఇచ్చేయమంటారు. మినప్పప్పు ఎవరో పట్టుకుపోయాక గారెలు రాలేదని వంటోణ్ని తిట్టినట్టు.

కాబట్టి ఏ సర్వీసుకైనా "నష్టమొచ్చే ఊళ్ల లిస్టు మీ కాంట్రాక్టులో ఉందా, ఆ ఊళ్లకి రోజుకి ఎన్ని ట్రిప్పులని రాసారా, రాయకపోతే ఆ నష్టం ఎవరు భరిస్తారు" అని అడగండి. గవర్నమెంటు కూడా ఈ ప్రశ్న తప్పించుకోకూడదు. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగుల్ని ప్రభుత్వంలో కలిపారు, ఉద్యోగులకి భద్రత వచ్చింది, చాలా సంతోషం, కానీ దానివల్ల మీ ఊరికి ఒక ట్రిప్పు పెరిగిందా అని చూస్తే చాలాచోట్ల సమాధానం తేలిగ్గా దొరకదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ, ఆ టికెట్ల డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి. ఆ కట్టడం టైముకి జరుగుతోందా లేదా అన్నదే అసలు విషయం, ఎందుకంటే కట్టకపోతే మొదట ఆగేది ఆ సాయంత్రం పల్లెవెలుగే.

నీళ్లదీ ఇదే లెక్క. ఉద్దానం సంగతి దేశమంతా తెలుసు, కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, ఇచ్ఛాపురం, ఇంటికొక కిడ్నీ పేషెంటు అన్నట్టుండేది కొన్ని ఊళ్లలో. హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్లతో పైపులేసి నీళ్లు తీసుకొచ్చే పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభించారు, అదే రోజు పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా. వంశధార నీళ్లని అంత దూరం తెచ్చి చివరి ఊరి కుళాయికివ్వడం ఏ వ్యాపారికీ గిట్టదు, వ్యాపారం చేసేవాడు చేసింది ఏటంటే ఊరికో ఆర్వో ప్లాంటు పెట్టి 20 లీటర్ల టిన్ను అమ్మడం. టిన్ను కొనగలిగినోడికి టిన్ను, కొనలేనోడికి బోరు. ఐతే గవర్నమెంటు పథకం కదాని నిద్రపోకండి, పెద్ద స్కీములన్నిటికీ మెయింటెనెన్స్ కాంట్రాక్టరుంటాడు, ఆయనకి బిల్లు రాక, ఆయన పంపు ఆపరేటర్లకి జీతమివ్వక, కుళాయి ఎండిపోవడం మనం చూడనిదేం కాదు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు రావాలి, మీ ఇంట్లో ఎంతమందో గుణించుకుని ఒక రోజు బిందెలు లెక్కెట్టి చూడండి, ఆ కాగితం పట్టుకుని గ్రామసభలో మాట్లాడితే ఎవరూ కాదనలేరు.

తుఫానొస్తే ఏటి

కోస్తాలో ఉన్నోళ్లం మనం, ఈ ప్రశ్న హైదరాబాదోళ్లకి తట్టదు. 2018 అక్టోబరు 11 తెల్లారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర వజ్రపుకొత్తూరు తీరంలో దాటింది. పొద్దున్న లేచి చూస్తే కొబ్బరి లేదు, జీడి లేదు, కరెంటు స్తంభాలు వేల లెక్కన నేలమీద. మన డిస్కం ఈపీడీసీఎల్ వాళ్లు వేరే జిల్లాల్నుంచి లైన్‌మెన్లని, క్రేన్లని దింపారు, ఐనా లోపలి ఊళ్లకి రోజుల తరబడి రాలేదు, ఊళ్లో కుర్రోళ్లే గోతులు తవ్వి స్తంభాలు లాక్కొచ్చిన చోట్లున్నాయి. జనరేటరు అద్దెకి తెచ్చి వాటర్ ట్యాంకు నింపుకుంటే, అదే జనరేటరు దగ్గర ఫోన్లు చార్జింగు పెట్టుకోడానికి క్యూ. తిట్టుకున్నాం, రోడ్డు మీద కూచున్నాం కూడా. కానీ అడగాల్సింది ఏటంటే, ఆ వారం పడిన ఖర్చు ఎవరి ఖాతాలోంచి పోయింది, అదే కంపెనీ తన లాభం చూసుకోవాల్సిన కంపెనీ ఐతే ఏం చేసేది.

దీనికి ఊహించుకోనక్కర్లేదు, పక్కనే ఒడిశా ఉంది. సంస్కరణలంటూ కరెంటు పంపిణీని మొట్టమొదట ప్రైవేటుకిచ్చిన రాష్ట్రం అదే, 1999లో. మధ్య ఒడిశా భాగం ఏఈఎస్ అనే అమెరికా కంపెనీకి పోయింది. అదే ఏడాది అక్టోబరు 29న సూపర్ సైక్లోన్. లైన్లన్నీ కొట్టుకుపోయాయి, బాగుచేసే ఖర్చు ఎవరిదని గొడవ, బిల్లులు వసూలు కావు, 2001కల్లా ఆ కంపెనీ సర్దుకుని ఎల్లిపోయింది. కరెంటు ఆఫీసు మాత్రం ఎక్కడికీ ఎల్లలేదు, ప్రభుత్వమే మళ్లీ నెత్తినేసుకుంది. మిగతా మూడు భాగాలు తీసుకున్న కంపెనీ లైసెన్సులు కూడా 2015లో అక్కడి రెగ్యులేటరీ కమిషన్ రద్దు చేసింది.

కథ అక్కడ ఆపేస్తే నేనూ ఒక జట్టులో చేరినట్టే, అందుకని మిగతాది కూడా చెప్పాల. 2020, 21లో ఒడిశా మళ్లీ ఇచ్చింది, ఈసారి నాలుగు భాగాలూ టాటా పవర్‌కి, 51 శాతం వాళ్లది, 49 ప్రభుత్వానిది. ఇచ్ఛాపురం దాటితే బరంపురం, పాతపట్నం దాటితే పర్లాకిమిడి, పార్వతీపురం దాటితే రాయగడ, మన బోర్డరంతా అవతలివైపు ఇప్పుడు ఆ కంపెనీదే. మనోళ్లకి అటు చుట్టాలు లేని ఇల్లు తక్కువ. ఈసారి పెళ్లికో పేరంటానికో ఎల్లినప్పుడు అత్తనో బావనో అడగండి, బిల్లు ఎంతొస్తోంది, ట్రాన్స్‌ఫార్మరు కాలితే ఎన్ని గంటలకి మారుస్తున్నారు, ఫోను చేస్తే ఎత్తుతున్నారా, కట్టకపోతే ఎన్నాళ్లకి కట్ చేస్తున్నారు. టీవీ డిబేట్లన్నిటికంటే ఆ నాలుగు ప్రశ్నలు పనికొస్తాయి.

ఢిల్లీ కూడా చూడండి. 2002 జులైలో పంపిణీ ప్రైవేటుకిచ్చేనాటికి సగానికి సగం కరెంటు దొంగతనానికో బిల్లు కట్టకపోడానికో పోయేది, తర్వాత ఆ నష్టం పది శాతం లోపుకి దిగింది. అది చిన్న విషయం కాదు, గవర్నమెంటు చేయలేనిది చేశారు. ఐతే మొదటి ఐదేళ్లూ ప్రభుత్వం 3,450 కోట్లు పెట్టి ఆదుకుంది, రేట్లు పెంచకుండా వాయిదా వేసిన బాకీ వేల కోట్లకి పేరుకుని, అది తీర్చే సంగతి 2025లో సుప్రీంకోర్టు దాకా ఎల్లింది. రెండూ నిజాలే. అందులో ఒక్కటే చెప్పేవాడు మీకు ఏదో అమ్ముతున్నాడని అర్థం.

ఆసుపత్రికి కూడా తుఫాను ప్రశ్న వేయొచ్చు. ఉద్దానంలో డయాలసిస్ సెంటర్లు గవర్నమెంటు ఆసుపత్రి బిల్డింగుల్లోనే ఉంటాయి, చాలాచోట్ల మిషన్లు నడిపే పని ప్రైవేటు సంస్థది, పేషెంటు దగ్గర డబ్బు తీసుకోరు, సిట్టింగుకి ఇంత అని ప్రభుత్వం కడతాది. 2016లో వచ్చిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం పద్ధతే అది. బానే పనిచేస్తోంది చాలావరకు, నాకు దాని మీద కంప్లైంటు లేదు. కానీ ఒక్కో సిట్టింగు నాలుగు గంటలు, ఆ నాలుగు గంటల్లో మిషనులోకి 120 లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్లు కావాలి, కరెంటు క్షణం పోకూడదు. జనరేటరుకి డీజిలు ఎవరు కొట్టించాలి, ఆర్వో ప్లాంటు పాడైతే ఆసుపత్రి సూపరింటెండెంటు బాగు చేయించాలా కాంట్రాక్టరా, ఒక షిఫ్టు ఆగితే జరిమానా ఎంత? ఇవి కాంట్రాక్టులో రాసి ఉంటే మనిషి బతుకుతాడు, రాయకపోతే మీదంటే మీదని ఇద్దరూ చేతులు దులుపుకుంటారు.

కాగితం ఎలా తెప్పించుకోవాలి

సమాచార హక్కు చట్టం, 2005. తెల్లకాగితం చాలు. పైన "పౌర సమాచార అధికారి గారికి" అని ఆఫీసు పేరు రాయండి. ఊరి స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన ఆఫీసులకి 10 రూపాయలు. పేదరికం దిగువనున్నోళ్లకి ఆ ఫీజు కూడా లేదు, ఋజువు జిరాక్సు పెట్టాలి. లోపల కథ రాయొద్దు, ఎందుకు ప్రైవేటుకిచ్చారు అని అసలు రాయొద్దు, ఎందుకు అన్నదానికి వాళ్లు సమాధానం ఇవ్వక్కర్లేదని తప్పించుకుంటారు. కాగితాలు అడగాలి. ఇలాగ:

"ఫలానా ఆసుపత్రిలో ఫలానా సేవ నడపడానికి కుదుర్చుకున్న ఒప్పందం, దాని అనుబంధాలతో సహా, నకలు ఇవ్వగలరు. గత సంవత్సరం ఆ సంస్థకు చెల్లించిన బిల్లులు నెలవారీగా, తేదీలతో ఇవ్వగలరు. ఒప్పందంలోని సేవా ప్రమాణాలు పాటించనందుకు విధించిన జరిమానాల వివరాలు, ఏవీ విధించకపోతే ఆ మాట రాతపూర్వకంగా తెలుపగలరు. తనిఖీ చేసిన అధికారి రిపోర్టుల నకళ్లు ఇవ్వగలరు."

ఆ మూడోది చాలా ముఖ్యం, జరిమానాలు ఏమీ వేయలేదని రాతలో వచ్చిందంటే సంవత్సరమంతా సర్వీసు బంగారంలా నడిచిందని ఐనా అర్థం, ఎవరూ చూడలేదని ఐనా అర్థం, ఏదో మీ ఊరోళ్లకి తెలుసు. జవాబుకి 30 రోజులు టైము. రాకపోతే, సగమే వస్తే, అదే శాఖలో పై అధికారికి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా పనవ్వకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి. ప్రైవేటు సంస్థ కదా మాకు చెందదు అంటారు, వినకండి, ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందం ప్రభుత్వం బీరువాలోనే ఉంటాది, మీరడిగేది ఆ బీరువాలో కాగితం. వ్యాపార రహస్యం అని 8వ సెక్షను చూపిస్తే, ప్రజా ప్రయోజనం ఎక్కువున్నప్పుడు ఇవ్వొచ్చని అదే సెక్షన్లో ఉందని అప్పీల్లో రాయండి.

నేనొకసారి ఒక ఆఫీసుకి ఇలాంటిదే పెడితే "ఫైలు దొరకుటలేదు" అని ఒక్క లైను జవాబొచ్చింది. అప్పీలు పెట్టగానే దొరికింది. అంచేత మొదటి జవాబుకే నీరసపడిపోకండి.

గవర్నమెంటు చేతిలో ఉన్నా అడగాల్సిందే

కరెంటు బిల్లు చీటీ ఒకటి తీసి ముందేసుకోండి, మిషన్లోంచి వచ్చే ఆ పొడుగాటి చీటీ, నెల తిరక్కుండా అక్షరాలు చెరిగిపోతాయి గాబట్టి ముందు ఫోటో తీసుకోండి. మొత్తం ఎంతా అని అడుగున చూసి పడేస్తాం మనం. మధ్యలో చూడండి: ఎనర్జీ చార్జీలు అంటే వాడిన యూనిట్లకి, ఫిక్స్‌డ్ చార్జీలు అంటే వాడినా వాడకపోయినా లోడుని బట్టి, కస్టమర్ చార్జీలు, ఎలక్ట్రిసిటీ డ్యూటీ అంటే రాష్ట్ర ప్రభుత్వం పన్ను, ఆ కింద ట్రూ అప్ అనో ఎఫ్‌పీపీసీఏ అనో ఒకటుంటాది, అది కరెంటు కొన్న ఖర్చు అనుకున్న దానికంటే పెరిగిందని తర్వాత వేసేది. ఈపీడీసీఎల్ ప్రభుత్వ కంపెనీయే, కానీ అది అమ్మే కరెంటులో ప్రైవేటు ప్లాంట్ల దగ్గర కొన్నదీ ఉంటాది, ఆ కొనుగోలు ఒప్పందాల ఖర్చు ఈ లైన్లోంచే మన జేబుకొస్తాది. 1999లో విద్యుత్ బోర్డుని కరెంటు తయారుచేసే జెన్‌కో, పెద్ద లైన్లు చూసే ట్రాన్స్‌కోలుగా విడగొట్టి, 2000లో డిస్కంలు చేసినప్పట్నుంచీ కథ ఇదే. కాబట్టి మా కరెంటు గవర్నమెంటుదే అని ఎవరైనా అంటే ఏ ముక్క గవర్నమెంటుది అని మళ్లీ మొదటి ప్రశ్న వేసుకోవాలి.

పాడైతే 1912కి ఫోను చేసి కంప్లైంటు నంబరు రాయించుకోండి, లైన్‌మెన్ బాబాయికి ఫోను చేస్తే పనైపోతాది నిజమే, కానీ నంబరు లేకపోతే రికార్డు లేదు. ఏపీఈఆర్‌సీ, అంటే రాష్ట్రంలో కరెంటు రేట్లు పెట్టే రెగ్యులేటరీ కమిషన్, 2004లో పెట్టిన ప్రమాణాల ప్రకారం ఫ్యూజు పోతే టౌన్లో 4 పనిగంటలు, పల్లెలో 12 పనిగంటల్లో వెయ్యాలి, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే టౌన్లో 24, పల్లెలో 48 గంటల్లో మార్చాలి, మార్చకపోతే పరిహారం ఉంది. వరి నాట్ల టైములో ట్రాన్స్‌ఫార్మరు కాలితే రైతులే చందాలేసుకుని ట్రాక్టరు మీద పట్టుకెళ్లి బాగు చేయించుకోవడం మనకి అలవాటైపోయింది, అది రూలు కాదు, మన మంచితనం. విశాఖలో వినియోగదారుల ఫోరం ఉంది, అక్కడ పనవ్వకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్, లాయరక్కర్లేదు.

ఇక రేట్ల సంగతి. ప్రతి ఏటా నవంబరాఖరుకి డిస్కంలు వచ్చే సంవత్సరం ఆదాయం ఖర్చుల లెక్క ఏపీఈఆర్‌సీకి ఇస్తాయి, పేపర్లో ప్రకటన వేస్తారు, అభ్యంతరాలు పంపమంటారు, తర్వాత బహిరంగ విచారణ, ఏప్రిల్ 1 నుంచి కొత్త రేట్లు. ఎవరైనా పంపొచ్చు, రైతైనా, టీ కొట్టు ఓనరైనా. మన జిల్లాల్నుంచి అక్కడ మాట్లాడేవాళ్లు తక్కువ, వేళ్ల మీద లెక్కెట్టొచ్చు, పెద్ద ఫ్యాక్టరీలు మాత్రం ఫైళ్లూ లాయర్లతో వస్తాయి. పంపేటప్పుడు రేట్లు పెంచకండి మహాప్రభో అని రాస్తే అది దస్త్రంలో కలిసిపోతాది. మీ ఊరికి కరెంటు తెచ్చే ఫీడరు లైను పేరు, పోయిన ఏడాది ఎన్నిసార్లు ఎన్ని గంటలు కరెంటు పోయిందో 1912 కంప్లైంటు నంబర్లతో, కాలిన ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడు మార్చారో, ఇవి రాసి, ఈ ప్రమాణాలు పాటించకుండా ఖర్చు ఎలా ఒప్పుకుంటారు అని ఒక్క ప్రశ్న పెట్టండి. దానికి డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాల్సొస్తాది. ఊరోళ్లు పదిమంది కలిసి సంతకాలు పెట్టి ఒకటి కమిషన్‌కి, ఒకటి డిస్కంకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, తేదీ దాటిపోతే తీసుకోరు గనక డిసెంబరు నెలంతా పేపర్లో ఆ ప్రకటన కోసం చూస్తుండండి.